తూకమునకు అందని బలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగము)



కుస్తీ యనగా ఎరుగని గ్రామము అరుదు. ఊరి చివర తాలింఖానా, అందులో ఎర్రమట్టి గోదా, గోదా ప్రక్క గదలు, దండీలు బస్కీలు తీయు పడుచువాండ్రు, వారిని అదలించు వస్తాదు – ఈ దృశ్యము పెద్దలలో పలువురు చూచినదే. తిరునాళ్లలో జెట్టీలు తొడ చరచి నిలిచినప్పుడు చుట్టుమూగిన జనము మొట్టమొదట చూచునది వారి పట్లు కాదు, వారి జోడు. ఒకడు కొండవలెను, వేరొకడు కంచెపుల్లవలెను ఉన్నచో, ఇది జోడు కాదని ముసలివారు పెదవి విరతురు. సమానుల నడుమ జరిగినదే పోరు. అసమానుల నడుమ జరిగినది దండన మాత్రమే.

పురాణము విన్నవారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. కంసుని రంగస్థలమున బాలుడైన కృష్ణుని ఎదుట చాణూరుని నిలిపినప్పుడు, ఇది ధర్మము కాదని మధురానగర స్త్రీలు వాపోయిరి. జరాసంధుడు ఎంత క్రూరుడైనను, తన వాకిట నిలచిన మువ్వురిలో కృష్ణుని కాదని, అర్జునుని కాదని, భీముని కోరుకొనెను. భీముడే తనకు తగిన జోడని అతని తలంపు. ఆనాడు జరాసంధుడు కంటితో తూచిన దానిని ఈనాటి ప్రపంచ క్రీడాసభలు త్రాసుతో తూచుచున్నవి. నేటి ప్రసంగమునకు విషయము ఆ త్రాసుపై ఒక్క గీటు. అది 57 కిలోల గీటు. ఆ గీటుపై నిలచి ప్రపంచమున పేరొందిన భారతీయ జెట్టీల కథయు, వారి బలములో త్రాసునకు అందిన పాలెంత, అందని పాలెంత యను విచారణయు ఇందు కలవు.

మొదట పోటీ పద్ధతి తెలిసికొనవలెను. ఒలింపిక్ క్రీడలలో కుస్తీ రెండు విధములు. గ్రీకో-రోమన్ అను పద్ధతియందు నడుమునకు దిగువ పట్టు పట్టరాదు; కాళ్లతో మెలిక వేయరాదు. ఫ్రీస్టైల్ అను స్వేచ్ఛాపద్ధతియందు ఈ కట్టుబాటు లేదు. కాలు పట్టి లాగవచ్చును, కాలితో అడ్డగింపవచ్చును. భారతదేశపు గోదాలలోని కుస్తీకి ఈ ఫ్రీస్టైలే దగ్గర చుట్టము. ప్రత్యర్థి రెండు భుజములను ఒకేసారి నేలకు ఆనించినచో పోరు అంతటితో ముగియును. చిత్తు చేయుట యని జనులు వాడు మాట దీనికే చెల్లును.

జెట్టీలను బరువునుబట్టి తరగతులుగా విభజింతురు. పోటీకి ముందు ప్రతివానిని త్రాసుపై నిలుపుదురు. నిర్ణయించిన బరువునకు మించినవానికి ఆ తరగతిలో చోటులేదు. 1952వ సంవత్సరమున ఫిన్లండు రాజధానియగు హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఫ్రీస్టైల్ కుస్తీకి ఎనిమిది తరగతులుండెను. 52 కిలోలది మొదటిది, 57 కిలోలది రెండవది. ఆ రెండవ దానికి బాంటమ్‌వెయిట్ అని పేరు. నేడు ఒలింపిక్ క్రీడలలో పురుషుల ఫ్రీస్టైల్ తరగతులు ఆరు మాత్రమే – 57, 65, 74, 86, 97, 125 కిలోలు. నాడు రెండవ మెట్టుగానున్న 57 నేడు మొదటి మెట్టు. నడుమ 1997 తరువాత కొన్ని సంవత్సరములు ఈ తరగతియే లేకపోయెను. 2014లో మరల వచ్చెను.

హెల్సింకీలో ఒక్కొక్క పోరునకు గడువు 15 నిమిషములు. ఆ గడువులో ఎవరును చిత్తు కానిచో ముగ్గురు న్యాయనిర్ణేతలు గెలుపెవరిదో తీర్పు చెప్పుదురు. ఆనాటి లెక్క విచిత్రమైనది. గెలుపునకు గుణము కట్టుటకు మారుగా దోషము కట్టెడివారు. ప్రత్యర్థిని చిత్తు చేసి గెలిచినవానికి దోషములేదు. తీర్పుచే గెలిచినవానికి గూడ కొంత దోషము. ఓడినవానికి అంతకు మించిన దోషము. దోషములు 5 చేరినవాడు పోటీనుండి తొలగవలెను. తుదకు ముగ్గురు మిగిలినప్పుడు ఆ ముగ్గురు తమలో తాము పోరి పతకముల వరుసను తేల్చుకొందురు. ఈ నియమమును గుర్తుంచుకొన్నచో తరువాతి కథ సుబోధమగును.

ఇక ఆ కథ. మహారాష్ట్రమున సతారా జిల్లాలో, కరాడ్ పట్టణమునకు సమీపమున గోలేశ్వర్ అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమున 1926 జనవరి 15వ తేదీన ఖాశాబా దాదాసాహెబ్ జాదవు జన్మించెను. తండ్రి దాదాసాహెబు స్వయముగా జెట్టి. ఐదుగురు కుమారులలో ఖాశాబా కనిష్ఠుడు. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి అతనిని గోదాలో దింపెను. కరాడ్‌లోని తిలక్ ఉన్నత పాఠశాలలో చదువుచు, తరువాత కొల్హాపూరు చేరి రాజారాం కళాశాలలో చదువుచు, చదువుతోపాటు కుస్తీని సాగించెను. బాబూరావు బలావ్డే, బేలాపురి గురూజీ అనువారు ఆయనకు విద్య గరపిన గురువులు.

కొల్హాపూరు కుస్తీకి పుట్టినిల్లువంటిది. ఛత్రపతి శాహూ మహారాజు మల్లవిద్యను మిక్కిలి ఆదరించి, ఖాస్‌బాగ్ మైదానమను గొప్ప కుస్తీ రంగమును నిర్మింపజేసిన నగరమది. అట్టి చోట పొట్టివాడు, సన్ననివాడు అయిన జాదవును చూచినవారికి మొదట నమ్మిక కలుగలేదు. కాని ఆయన బలము కండలలో కాక చురుకుదనములో ఉండెను. ప్రత్యర్థి ఒక పట్టునకు సిద్ధపడులోపల రెండవ పట్టు పట్టి మూడవదానికి మారుట ఆయన విద్య.

1948లో లండను ఒలింపిక్ క్రీడలకు కొల్హాపూరు మహారాజు ఖర్చు భరింపగా జాదవు వెళ్లెను. అప్పటికి స్వతంత్ర భారతము వయస్సు ఒక్క సంవత్సరము. మట్టి గోదాలో పెరిగిన జాదవు అక్కడ మొదటిసారిగా మ్యాట్ అను మెత్తని పరుపుపై అడుగిడెను. ఈ భేదము చిన్నది కాదు. మట్టి కాలిని పట్టియుంచును. పరుపు కాలిని జార్చును. గోదాలో జెట్టీలు తీరికగా ఒకరినొకరు అలయజేసికొని గంటల తరబడి పోరుట కలదు. పరుపుపై గడియారము తరుముచుండును. గోదాలో చిత్తు చేసినగాని గెలుపు లేదు; పరుపుపై ప్రతి కదలికకు లెక్క కలదు. అలవాటులేని ఈ నేలపై, 52 కిలోల తరగతిలో, జాదవు ఆరవ స్థానము సంపాదించెను. అమెరికా దేశస్థుడగు రీస్ గార్డ్‌నర్ అను నిపుణుడు అక్కడ ఆయనకు పరుపుపై పోరు మెలకువలు నేర్పెను. ఆరవ స్థానము పతకము కాదు. కాని ఏమి నేర్వవలెనో ఆయనకు తెలిపిన పాఠము. తిరిగి వచ్చి నాలుగు సంవత్సరములు ఆ పాఠమునే వల్లించెను.

1952 వచ్చెను. ఈసారి ఆయన 57 కిలోల తరగతికి మారెను. ఈసారి వెనుక మహారాజు లేడు. మొదట ఎంపికయందే చిక్కు కలిగెను. తనకు న్యాయము జరుగలేదని తలచి ఆయన పాటియాలా మహారాజునకు మొరపెట్టుకొనెననియు, ఆపై జరిగిన పోటీలో గెలిచి తన స్థానమును దక్కించుకొనెననియు ఆయన చరిత్ర చెప్పువారు చెప్పుదురు. తరువాతి చిక్కు ధనము. హెల్సింకీకి పోవుటకు వేలరూపాయలు కావలెను. ప్రభుత్వ సహాయము ఆలస్యముగాను కొద్దిగాను లభించెను. జాదవు ఊరూర తిరిగెను. గోలేశ్వర్ గ్రామస్థులు, కరాడ్ వర్తకులు, తెలిసినవారు, తెలియనివారు తమకు తోచినంత ఇచ్చిరి. అప్పటికిని చాలలేదు. అప్పుడు ఆయన చదివిన రాజారాం కళాశాల ప్రధానాచార్యులు తమ స్వగృహమును తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చి ఇచ్చిరి.

ఈ మాటను ఒకసారి నిలచి తలంపవలసియున్నది. ఒక ఉపాధ్యాయుడు. నెలజీతముపై బ్రతుకు సంసారి. శిష్యుడు గెలుచునని ఎవరును హామీ ఇవ్వలేదు. స్వతంత్ర భారతదేశమునుండి ఒక్క మనుష్యుడు తన స్వంత బలముతో ఒలింపిక్ పతకము తెచ్చిన దృష్టాంతము అప్పటికి లేదు. వెనుకటి ఫలితము ఆరవ స్థానము. అట్టి స్థితిలో తలదాచుకొను ఇంటిని తాకట్టు పెట్టిన ఆ ఆచార్యుడు లెక్కలు తెలియనివాడు కాదు. లెక్కకు అందనిదానిని శిష్యునియందు చూచినవాడు.

హెల్సింకీలో ఆ 57 కిలోల తరగతి యుద్ధానంతర ప్రపంచమునకు చిన్న అద్దమువలె ఉండెను. రెండవ ప్రపంచయుద్ధమున ఓడిన జపాను దేశమును 1948లో లండనుకు పిలువలేదు. హెల్సింకీయే దానికి తిరుగురాక. ఆ దేశమునుండి శోహాచి ఇషీ అను జెట్టి వచ్చెను. ఇతడు మొదట జూడో విద్యార్థి. యుద్ధానంతరమున దేశమును ఆక్రమించిన అధికారులు పాఠశాలలలో జూడోను నిషేధింపగా కుస్తీవైపు మరలినవాడు. సోవియట్ రష్యా ఒలింపిక్ క్రీడలలో అడుగిడుట అదియే మొదలు. ఆ పక్షమున అజర్‌బైజాను ప్రాంతమువాడగు రషీద్ మమ్మద్‌బెయోవ్ వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చి అయిదేండ్లయిన భారతదేశమునుండి జాదవు వచ్చెను. త్రాసుపై ముగ్గురును ఒక్కటే – 57 కిలోలు. వెనుక నిలచినవారిని చూచినచో ముగ్గురును ఒక్కటి కారు.

జాదవు మొదట కెనడా దేశపు ఏడ్రియన్ పోలిక్విన్‌ను చిత్తు చేసెను. ఆ పోరు గడువు ముగియబోవు నిమిషమువరకు సాగెను. పదునాలుగు నిమిషములు దాటిన తరువాత ప్రత్యర్థి భుజములను నేల కానించుటకు ఎంత ఓర్పు కావలెనో గోదా ఎరిగినవారు ఊహింపగలరు. తరువాత మెక్సికో దేశపు లియొనార్డో బసుర్తోను చిత్తు చేసెను. ఈసారి ఆరు నిమిషములైనను పట్టలేదు. జర్మనీ దేశపు ఫెర్డినాండ్ ష్మిట్జ్‌తో పోరు చిత్తువరకు రాలేదు. ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరు జాదవు పక్షమున తీర్పు చెప్పిరి. ఇట్లు దేశదేశముల జెట్టీలు ఒక్కొక్కరుగా తొలగిపోగా చివరకు ముగ్గురు మిగిలిరి. వారే ఇషీ, మమ్మద్‌బెయోవ్, జాదవు.

ఇషీతో పోరు సుదీర్ఘముగా, హోరాహోరీగా సాగెను. జాదవు ఓడెను. మమ్మద్‌బెయోవ్ చేతిలోను ఓడెను. ఈ రెండు పోరులను గూర్చి ఒక మాట తరతరములుగా చెప్పుకొనబడుచున్నది. ఇషీతో పోరి అలసిన జాదవును వెంటనే రెండవ పోరునకు పిలిచిరట. రెండు పోరుల నడుమ కనీసము అరగంట విశ్రాంతి ఇవ్వవలెనని నియమము కలదట. ఆ నియమమును చూపి అరగంట గడువు అడుగుటకు భారత జట్టు అధికారి ఒక్కడైనను ఆ సమయమున అచ్చట లేడట. జాదవునకు అక్కడి భాష రాదు. వాదించు అలవాటు లేదు. పిలిచిరి, వెళ్లెను, శక్తికొలది పోరెను.

ఫలితము ఇట్లుండెను. ఇషీకి స్వర్ణ పతకము – హెల్సింకీలో జపానునకు దక్కిన ఏకైక స్వర్ణము అదియే. మమ్మద్‌బెయోవ్‌కు రజత పతకము. జాదవునకు కంచు పతకము. 1952 జులై 23వ తేదీన, స్వతంత్ర భారతదేశ చరిత్రలో ఒక వ్యక్తి ఒంటరిగా పోరి సంపాదించిన తొలి ఒలింపిక్ పతకము ఒక గ్రామీణునికి దక్కెను. అదే క్రీడలలో కొల్హాపూరు జెట్టియే యగు కేశవ్ మంగావె 62 కిలోల తరగతిలో నాలుగవ స్థానమున నిలచి, పతకమునకు ఒక్క మెట్టు దూరమున ఆగెను.

ఆ సంవత్సరమే భారత హాకీ జట్టు స్వర్ణము గెలిచెను. హాకీ స్వర్ణము దేశమంతట మారుమ్రోగెను. జాదవు పతకమునకు అంత మ్రోత లేదు. కాని గోలేశ్వర్ గ్రామము మరువలేదు. కరాడ్ రైలు స్టేషనులో దిగిన జాదవు ఎదుట వందకు పైగా ఎడ్లబండ్లు అలంకరింపబడి నిలచెను. డోళ్లు, డప్పులు, బాణసంచా. మామూలుగా పావుగంటలో చేరు దారికి ఆనాడు ఏడు గంటలు పట్టెనని ఆ ఊరివారు చెప్పుకొందురు. రెండు రూపాయలు ఇచ్చినవాడును, అయిదు రూపాయలు ఇచ్చినవాడును ఆ పతకమును తన చేతితో తాకి చూచికొనవలెను గదా! ఆలస్యమగుట సహజమే.

ఊరేగింపు ముగిసిన తరువాత జాదవు చేసిన మొదటి పనులలో ఒకటి మిక్కిలి గమనింపదగినది. ఆయన కుస్తీ పందెములు ఏర్పాటు చేయించి, వానిలో తాను పోరి, వచ్చిన సొమ్ముతో ప్రధానాచార్యుల ఇంటిపై ఉన్న తాకట్టు అప్పును తీర్చెను. పతకమునకు పతకముగా పేరున్నది. కాని అప్పు తీరిన ఆ దినమే గురుశిష్యులిరువురికి నిజమైన విజయదినము.

1955లో జాదవు పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరెను. 27 సంవత్సరములు ఆ కొలువు చేసి, అసిస్టెంట్ కమిషనరు హోదాలో విరమించెను. 1984 ఆగస్టు 14వ తేదీన రోడ్డు ప్రమాదమున మరణించెను. దేశమిచ్చు అర్జున పురస్కారము ఆయన పేర వెలువడినది ఆయన మరణించి పదునారేండ్లు గడచిన తరువాత, 2000 సంవత్సరమునకు. 2010లో ఢిల్లీలో కామన్వెల్తు క్రీడలు జరిగినప్పుడు కుస్తీ మందిరమునకు ఆయన పేరు పెట్టిరి. జీవితకాలమున దక్కవలసిన గౌరవము శిలాఫలకమునకు దక్కెను.

హెల్సింకీ తరువాత మరియొక భారతీయుడు వ్యక్తిగత ఒలింపిక్ పతకము సంపాదించుటకు 44 సంవత్సరములు పట్టెను. 1996లో అట్లాంటా క్రీడలలో టెన్నిసు ఆటగాడు లియాండర్ పేసు కంచు పతకము తెచ్చెను. కుస్తీలో రెండవ పతకమునకు 56 సంవత్సరములు పట్టెను. అది 2008లో బీజింగులో 66 కిలోల తరగతియందు సుశీల్ కుమార్ తెచ్చిన కంచు పతకము. ఈ నడుమ దేశమున జెట్టీలు లేకపోలేదు. 1961లో జపానులోని యొకొహామాలో జరిగిన ప్రపంచ పోటీలలో ఉదయచందు 67 కిలోల తరగతిలో కంచు పతకము గెలిచెను. 1967లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో బిశంబర్ సింగు రజత పతకము గెలిచెను – అదియు ఈ 57 కిలోల తరగతియందే. బలముండెను, విద్యయుండెను. లోపించినది వాని వెనుక నిలువవలసిన ఏర్పాటు. మట్టి గోదాలు వేలకొలది ఉండగా పరుపులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. పందెపు సొమ్ము మట్టిలో ఉండగా పతకములు పరుపుపై ఉండెను. జెట్టి కడుపు మట్టివైపు లాగ, పేరు పరుపువైపు పిలిచెను.

క్రమముగా ఈ స్థితి మారెను. ఢిల్లీలోని ఛత్రసాల్ క్రీడారంగమున పూర్వపు జెట్టియగు సత్పాల్ సింగు పిల్లలను చేరదీసి శిక్షణ ఇచ్చుట మొదలిడెను. సుశీల్ కుమార్ అచ్చటివాడే. తరువాతి కాలమున 57 కిలోల గీటుపై నిలచిన ఇద్దరును అచ్చటివారే.

మొదటివాడు రవికుమార్ దహియా. హర్యానాలో సోనీపత్ జిల్లా నాహ్రీ గ్రామమున కౌలు రైతు కుమారుడు. కుమారుడు ఢిల్లీలో శిక్షణ పొందుచున్నంతకాలము ఆ తండ్రి తెల్లవారకముందే లేచి పాలు, పండ్లు మోసికొనిపోయి ఇచ్చి, తిరిగి వచ్చి పొలము పనిలో దిగెడివాడు. ఒక దినము కాదు, రెండు దినములు కాదు, ఏండ్ల తరబడి. రవి 2019 ప్రపంచ పోటీలలో కంచు పతకము గెలిచెను. 2020 నాటి టోక్యో ఒలింపిక్ క్రీడలు మహమ్మారి కారణముగా 2021లో జరిగెను. అక్కడ కజక్‌స్థాను దేశపు నూరిస్లాం సనయెవ్‌తో జరిగిన పోరులో ఒక దశయందు రవి 2 గుణములతోను, ప్రత్యర్థి 9 గుణములతోను ఉండిరి. నిమిషము మాత్రమే మిగిలియున్న ఆ ఘడియలో రవి ప్రత్యర్థిని బిగించి పట్టి చిత్తు చేసెను. పట్టు విడిపించుకొనుటకు అతడు రవి చేతిని కొరికిన గుర్తు లోకమంతయు చూచెను. పట్టు మాత్రము విడువలేదు. తుది పోరులో రష్యా జెట్టి జవూర్ ఉగుయెవ్ చేతిలో 4–7 గుణములతో ఓడి రజత పతకము గైకొనెను. హెల్సింకీలో జాదవు నిలచిన కంచు మెట్టునకు పైమెట్టు ఇది.

రెండవవాడు అమన్ సెహ్రావత్. హర్యానాలో ఝజ్జర్ జిల్లా బిరోహర్ గ్రామమువాడు. పది, పదకొండేండ్ల ప్రాయముననే తల్లిని, తండ్రిని కోల్పోయెను. ఛత్రసాల్ శిక్షణశాలయే అతనికి ఇల్లు, గురువులే తల్లిదండ్రులు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో మొదటి రెండు పోరులను 10–0, 12–0 గుణములతో గెలిచెను. పిమ్మట జపాను దేశపు రే హిగుచి చేతిలో 0–10తో ఓడెను. మరునాడు కంచు పతకము కొరకు పోరవలెను.

ఇక్కడ త్రాసు మరల కథలోనికి వచ్చును. 2018నుండి అమలులోనున్న నియమము ప్రకారము రెండు దినముల పోటీలో రెండు ఉదయములును జెట్టి త్రాసు ఎక్కవలెను. మొదటి దినము పోరులు ముగిసి, తిని త్రాగిన తరువాత అమన్ బరువు 61 కిలోలు దాటియుండెను. ఉదయమునకు 57 కిలోలకు దిగవలెను. చేతనున్న కాలము సుమారు పది గంటలు. ఆ రాత్రి అతడు నిద్రింపలేదు. పరుపుపై గంటన్నర పోరు సాధన, వేడినీటి స్నానము, నడకయంత్రముపై పరుగు, ఆవిరిగదిలో చెమట పోయుట, నడుమ నడుమ గోరువెచ్చని నిమ్మరసము, తేనె. ఇద్దరు శిక్షకులు రాత్రియంతయు అతని ప్రక్కన మెలకువతో ఉండి, గంట గంటకు తూచుచు, అలసినప్పుడు మర్దన చేయుచు, తెల్లవారులోపల 4.6 కిలోలు తగ్గించిరి. ఆ ఉదయము త్రాసు 57 కిలోలకు లోపుగా చూపెను. ఆగస్టు 9వ తేదీన ప్యూర్టొరికో దేశపు డేరియన్ క్రూజ్‌ను 13–5 గుణములతో గెలిచి అమన్ కంచు పతకము గైకొనెను. అప్పటికి అతనికి 21 సంవత్సరములు నిండి నెల యైనను కాలేదు. ఒలింపిక్ వ్యక్తిగత పతకము పొందిన భారతీయులలో అంత చిన్నవాడు అంతకుముందు లేడు.

త్రాసు ఎవరిని కరుణింపదు. పారిస్‌లో స్వర్ణము గెలిచిన ఆ హిగుచియే 2021లో టోక్యో క్రీడల అర్హతపోటీయందు 50 గ్రాముల అధిక బరువుచే తిరస్కృతుడయ్యెను. పారిస్‌లోనే స్త్రీల 50 కిలోల తరగతిలో తుదిపోరుకు చేరిన భారతీయురాలు వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల అధిక బరువుచే పోటీనుండి తొలగింపబడెను. అమన్ సెహ్రావతే 2025లో జాగ్రెబ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో 1.7 కిలోల అధిక బరువుచే పోటీకి అనర్హుడయ్యెను. యాబది గ్రాములనగా గుప్పెడు బియ్యము. అంతమాత్రమునకు సంవత్సరముల సాధన ఆగిపోవుట కఠినమే. అయినను నియమము అందరికి ఒక్కటియే. జరాసంధుడు కోరిన న్యాయము ఇదియే. చాణూరుని చూచి మధురాపుర స్త్రీలు కోరినదియు ఇదియే.

అయితే, సభాసదులారా, ఆ త్రాసు చేయలేని పని యొకటి కలదు. అది దేహములను సమానము చేయును. దేహముల వెనుకనున్న దానిని చేయలేదు. 1952లో జాదవు, ఇషీ, మమ్మద్‌బెయోవ్ త్రాసుపై సమానులు. కాని అలసినవానికి అరగంట అడుగు మనుష్యుడు వెనుక నుండుటయు, లేకుండుటయు ఏ త్రాసుపై కనబడును? 2024లో ఒక అనాథ బాలుని కొరకు ఇద్దరు రాత్రియంతయు మేలుకొనియుండిరి. 1952లో ఒక ఊరి బిడ్డ కొరకు అరగంట నోరు విప్పువాడు లేకపోయెను. 57 కిలోల తరగతి చరిత్రయంతయు ఈ రెండు దృశ్యముల నడుమనున్నది. జాదవునకు బలము తక్కువ కాలేదు, తోడు తక్కువయ్యెను. ఆ ఒంటరితనమునందు గూడ కంచు పతకము గెలిచెననగా ఆయన ఘనత ఎంతటిదో ఆలోచింపవలెను.

అయినను ఆయన పూర్తిగా ఒంటరి యనుటయు సరికాదు. హెల్సింకీ పరుపు ప్రక్కన ఎవరును లేకపోయినను, హెల్సింకీవరకు ఆయనను మోసినవి గోలేశ్వర్ రైతుల కొద్దిపాటి రూకలు. తాకట్టుపడిన ఒక ఉపాధ్యాయుని ఇల్లు. రవి దహియాను టోక్యోవరకు మోసినది ఒక తండ్రి చేతిలోని పాలచెంబు. బలవంతుడు తన బలముతోనే గెలిచెననుట సగము నిజము. ఎవరో ఒకరు అతని బలమును ముందుగా నమ్మి, తమకున్న దానిలో కొంత విడిచియుందురు. ఆ విడిచినది త్రాసునకు అందదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలచినదియు ఇట్టి బలముచేతనే. నెలనెలకు చిన్న చందాలు, ఒకరు ఇచ్చిన బీరువా, ఒకరు విడిచిన చావడి, సాయంకాలము దీపము వెలిగించి తలుపు తీసిన ఒకరి ఓపిక – వీనికి త్రాసు లేదు. ఈ పుస్తకముల నడుమ కూర్చుండి చదువు పిల్లలలో ఎవరు ఎంతవారగుదురో ఎవరును చెప్పలేరు. రాజారాం కళాశాల ప్రధానాచార్యులకును ఆనాడు తెలియదు. తెలియకయే ఇచ్చిరి. అట్లు ఇచ్చుటయే పెద్దల పని. ఇచ్చినవారి అప్పు తీర్చుట పిన్నల పని. ఎడ్లబండ్ల ఊరేగింపు దిగిన వెంటనే జాదవు మరల లంగోటి బిగించి గోదాలో దిగి, గురువు ఇంటిని విడిపించిన ఆ కథను ఈ ఊరి పిల్లలు గుర్తుంచుకొందురు గాక!

స్వస్తి.